రాళ్ళ సంగతి రాయలేదు

సూర్యాపేట,
జూలై 3

చిరంజీవి రచనకు,

ముందు ఒక తప్పు దిద్దాలి. "నానమ్మా, నీకు సముద్రమంటే భయం, అందుకే నన్ను ఓడ ఎక్కొద్దంటున్నావు" అని పోయిన ఉత్తరంలో రాశావు. భయమని నేను అనలేదు. ఎక్కొద్దని కూడా అనలేదు. ఆలోచించి చెప్తానన్నాను. బడిలో ఇన్నేళ్ళు సోషల్ చెప్పినదాన్ని, ఆలోచించడానికీ భయపడటానికీ తేడా నాకు తెలుసు. ఆ తేడా తెలియనిది మీ నాయనకు.

మీ నాయన సంగతి నువ్వు లేనప్పుడు జరిగింది కాబట్టి చెబుతున్నాను. నీ ట్రైనింగు అయిపోగానే నవంబరులో విశాఖపట్నంలో ఓడ ఎక్కాలని, ఇగ నెలల తరబడి నీళ్ళ మీదే ఉంటావని మీ అమ్మ వసంత అన్నం కాడ మాట ఎత్తింది. సతీష్ ముద్ద మింగి, "మా అమ్మ ఊఁ అంటే నేను గూడ ఊఁ అంట. ఇగ నన్నెవ్వరు అడగొద్దు" అని చెయ్యి కడుక్కున్నాడు. కొడుకు తల్లికి ఇంత మర్యాద ఇచ్చాడని వీధిలో వాళ్ళు మెచ్చుకుంటారు. నాకు మాత్రం బరువు నా నెత్తిన పెట్టి తను నీడకు పోయినట్టు కనబడింది. వసంత పాపం పప్పు గిన్నె పట్టుకుని నా మొహమే చూస్తూ నిలబడింది. ఒక కన్ను వద్దనమంటోంది, ఇంకో కన్ను పిల్ల ఏడుస్తుందంటోంది.

కాబట్టి జవాబు నేనే చెప్పాలి. చెప్పాలంటే వస్తువు చూడాలి. ప్రపంచంలోని సముద్రాలన్నీ గోడ మీది మ్యాపులో కర్ర పెట్టి చూపించాను. ఒక్కదాన్నీ కళ్ళతో చూడలేదు.

రేపు మిర్యాలగూడ పోయి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. ఒక్కదాన్నే. పొద్దున దిగి, నువ్వు ఓడ ఎక్కబోయే ఊరు పగలంతా చూసి, మళ్ళీ రాత్రి బండికి వస్తాను. ఇంట్లో మాత్రం మోతెలో మా చెల్లెలి దగ్గరికి పోతున్నానని చెప్పాను. రాములమ్మకు ముందే ఫోన్ చేసి అప్పగింతలు పెట్టాను.

"సతీష్ ఫోన్ జేస్తే ఏం జెప్పాలె అక్కా?"

"బాత్రూంల ఉన్నదని జెప్పు."

"రెండు దినాలా?"

"కడుపు నొస్తుందని జెప్పు."

దానికి అబద్ధం ఆడటం చేతకాదు. అందుకే ఆ మాటే మూడుసార్లు వల్లె వేయించాను.

ఫోన్ చెయ్యమని రాశావు. మీ అకాడమీ వాళ్ళు ఆదివారం దయతలచి ఇచ్చే ఆ కాస్త సేపట్లో, స్పీకర్ పెడితే తప్ప నాకు వినపడదు. పెడితే గల్లీ అంతా వింటుంది. ఉత్తరమే నయం. మన ఇంట్లో ఉత్తరం విప్పి చదివేంత ఓపిక ఎవరికీ లేదు.

నీ నానమ్మ,
సైదమ్మ


విశాఖపట్నం రైల్వే స్టేషన్,
జూలై 5, సాయంత్రం

రచనా,

ఆడవాళ్ళ వెయిటింగ్ రూంలో కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా ఒకామె ఇద్దరు పిల్లలకు ఒకే చిప్స్ పొట్లం పంచుతూ చిన్నదానికి అన్యాయం చేస్తోంది. చెప్పాలని నాలుక పీకుతోంది గాని ఊరు మనది కాదు.

పొద్దున దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఆటో అబ్బాయి నా సంచి అందుకుంటూ, "మామ్మగారూ, ఒక్కరే వచ్చేరా? మీకెవరూ లేరేటి?" అన్నాడు.

"ఉన్నరు. అందుకే ఒక్కదాన్నే వచ్చిన" అన్నాను. ఆ తర్వాత దారంతా అద్దంలోంచి నన్ను అనుమానంగా చూశాడు.

ముందు టిఫిను. ఇడ్లీ మెత్తగా దూదిలా ఉంది, దానికి వంక పెట్టలేను. అల్లం చట్నీలో మాత్రం బెల్లం వేశారు. చట్నీలో బెల్లం ఏమిటని అడిగితే, "అలాగే ఉంటాదండి" అన్నాడు వడ్డించే ఆయన. అది జవాబు కాదన్నాను. పక్క టేబుల్ ఆయన నవ్వి తన కారప్పొడి నా వైపు జరిపాడు. మన జొన్నరొట్టె మీద వేసుకునేదాని ముందు అది కారమే కాదు, రంగు. అయినా మర్యాదకు కళ్ళనీళ్ళు తెచ్చుకున్నాను.

తర్వాత బీచి. రోడ్డు చివర నీలంగా గోడ కట్టారనుకున్నాను. దగ్గరికి పోతే గోడ కదిలింది. నేను అక్కడున్న లైటు స్తంభం పట్టుకున్నాను. ఎవరూ చూడలేదులే. జనం పల్లీలు తింటున్నారు, పిల్లల్ని నీళ్ళలోకి తోస్తున్నారు, ఫోటోలు దిగుతున్నారు. దానికి వీపు పెట్టి నిలబడి నవ్వడం ఎట్లా చేతనయిందో వాళ్ళకు.

ఇంతలో మబ్బేసింది. చినుకులు. మళ్ళీ ఎండ. ఎండలోనే వాన. ఈ ఊరికి ఒక మాట మీద నిలబడటం రాదు. ఆటోలో రాస్ హిల్ మీది మేరీమాత చర్చి దాకా పోయాను. అక్కడినుంచి హార్బరు కిందే కనబడుతుంది. సరిగ్గా అప్పుడే ఒక ఓడ బయటికి పోతోంది. ఓడ అంటే నా లెక్కలో ఏడో తరగతి పుస్తకంలో బొమ్మ. ఇది మన కొత్త బస్టాండూ దాని ముందు హోటళ్ళూ కలిసి లేచి నడుస్తున్నట్టుంది. దాని అంచున ఎర్ర బట్టల్లో ఒక మనిషి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఆడో మగో తెలియలేదు. నేను నువ్వే అనుకుని చూశాను.

అంతలో జోరువాన. ఓడ లేదు. మనిషి లేరు. నీళ్ళూ ఆకాశమూ ఒకటే బూడిద రంగు. మునిగిపోయిందేమోనని చర్చి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. వాన తెరిపివ్వగానే చూస్తే అదే ఓడ, ఎక్కడో దూరాన అగ్గిపెట్టెంత. ఆ కాస్త వానలో అంత దూరం పోయింది. ఎర్ర బట్టల మనిషి ఇక కనబడరు.

తర్వాత తెన్నేటి పార్కుకు పోయాను. కింద రాళ్ళున్నాయి. చూశాను. చెప్పులు కొత్తవి కొన్నాను. ఫోను తడిసింది, పనిచెయ్యట్లేదు.

ఇగ నా జవాబు. వద్దు బిడ్డా. నువ్వు ఓడ ఎక్కొద్దు. ట్రైనింగు పూర్తిచేసి ఒడ్డున ఏదన్నా ఉద్యోగం చూసుకో. కారణాలు అడగకు. ఇంటికి పోగానే మీ నాయనకు చెప్పేస్తాను.

నానమ్మ


చెన్నై,
జూలై 12

నానమ్మా,

అల్లం చట్నీకి అంత పెద్ద పేరా, రాళ్ళకు మూడు ముక్కలు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నువ్వే చెప్పేదానివి గుర్తుందా? "పిల్లలు తెలిసింది సాగదీస్తరు, దాచుకునేది కురచగ రాస్తరు" అని. రాళ్ళ దగ్గర ఏమైంది? ఉన్న చెప్పులు ఏమయ్యాయి? గొడుగు లేకుండా నువ్వు గడప దాటవు, సంచిలో ఫోను ఎట్లా తడిసింది? నీ అక్షరాలు కూడా బాగా లేవు. రైలు కదిలిందని చెప్పకు, వెయిటింగ్ రూం కదలదు.

ఇక్కడంతా మామూలే. పొద్దున్నే పరుగు, తర్వాత క్లాసులు, తాళ్ళ ముడులు. నా గదిలో ఉండే అమ్మాయి నిద్రలో కూడా ముడి వేస్తోంది, నిన్న నా జడకు వేసింది. మెస్సులో సాంబారు ఎప్పుడూ ఒకటే. రుచి చూసి ఏ వారమో చెప్పలేం.

నీ జవాబు చదివాను. సరే నానమ్మా. నువ్వు వద్దంటే వద్దు. నవంబరు దాకా కూడా ఎందుకు, ఓడ ఎక్కనప్పుడు ఈ ట్రైనింగు ఏం చేసుకుంటాను? నాన్నకు చెప్పేశాక నాకు ఒక్క ముక్క రాయి. నెలాఖరుకు వచ్చేస్తాను. నువ్వు బాధపడకు, నాకేం కోపం లేదు.

రచన


సూర్యాపేట,
జూలై 19

రచనా,

పట్టుకున్నావు. నేను నేర్పిన విద్య నా మీదే తిప్పావు. చెబుతాను. మీ నాయనకు చెబితే నిన్ను కాదు, నన్ను ఇంట్లోంచి కదలనివ్వడు.

నేను పుట్టి పెరిగింది దామరచర్ల దగ్గర, సాగర్ ఎడమ కాలువ గట్టు మీద అని నీకు తెలుసు. మా నాయన గొర్లను ఆ గట్టు మీదనే తిప్పేవాడు. కాలువ పిల్లలకు ఒక లెక్క ఒంట్లో ఉంటుంది. నీళ్ళు తగ్గాయంటే పైన తలుపులు దించారని అర్థం. ఇక మళ్ళీ వంతు వచ్చేదాకా రావు. దిగొచ్చు, అటు దాటొచ్చు, గొర్లను కడగొచ్చు, నడి కాలువలో రాయి మీద కూర్చుని సద్ది తినొచ్చు. నీళ్ళు వదిలేముందు గట్టు వెంట కబురు వచ్చేది.

ఆ రోజు తెన్నేటి పార్కు కిందికి దిగేసరికి నీళ్ళు వెనక్కిపోయి ఉన్నాయి. రాళ్ళు బయటపడి, మధ్యలో తడి ఇసుక. చూడగానే నా కాళ్ళకు ఏమనిపించిందో తెలుసా? బంద్ చేశారు, అనిపించింది. అందరికంటే దూరంగా, సముద్రం వైపున్న పెద్ద రాయి మీదికి పోయి కూర్చున్నాను. ఆ సముద్రం మొహం దగ్గరగా చూసి తేల్చుకుందామని.

చంద్రుని ఆకర్షణ వల్ల ఆటుపోట్లు ఏర్పడును. ఈ వాక్యం ఎన్ని తరగతుల చేత కంఠస్థం చేయించానో నాకే తెలియదు. తప్పు రాసిన పిల్లలను నిలబెట్టాను. ఆ వాక్యం నోట్లోనే ఉండిపోయింది, కాళ్ళ దాకా దిగలేదు.

దారిలో ఇంకో రాయి చాటున ఒక జంట కూర్చుని ఉంది. కాలేజీ పిల్లలు. హెడ్‌మాస్టరు లేనప్పుడు నేను వరండాలో చూసే చూపు ఒకటి ఉండేది, అది చూశాను. ఇంకా చాటుకు జరిగారు. నేను తెచ్చుకున్న పులిహోర తిన్నాను. గాలి చల్లగా ఉంది. రాత్రంతా రైల్లో నిద్ర లేదు. కళ్ళు మూతపడ్డాయి.

వాన మొహం మీద పడితే లేచాను. నా చుట్టూ నీళ్ళు.

రచనా, నేను అబద్ధం చెప్పను. ఆ నీళ్ళు లోతు కావు, నడుం దాకా ఉంటాయేమో. కాని అవి ఊరుకోవు. వస్తాయి, కాళ్ళ కింది రాయిని తోముతాయి, పోతూ పోతూ మనల్ని గూడ రమ్మని లాగుతాయి. చెప్పులు పోయాయి. గొడుగు తిరగబడి పోయింది. "ఎవరన్న ఉన్నరా" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. పార్కు మీద జనమంతా వానకు చెట్ల కిందికి పోయారు. అప్పుడు నాకు చావు భయం కంటే ముందు ఇంకొకటి వచ్చింది. ఇంట్లో వాళ్ళు నన్ను మోతెలో వెతుకుతారు. బావులు చూస్తారు, చెరువు చూస్తారు. ఇక్కడ నేను ఎవరినో ఎవరికీ తెలియదు. ఆ మాట తోచగానే రాయి మీద బోర్లా పడుకుని గోళ్ళతో పట్టుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మను కూడా అట్లా పట్టుకోలేదు.

ఆ జంట వచ్చారు. ముందు దిగింది పిల్ల. పేరు దీప. వెనక ఆ అబ్బాయి, మధు, చున్నీ కొస పట్టుకుని. వాడు దాన్ని పట్టుకున్నాడో, అది వాణ్ణి పట్టుకుందో నేను చూడలేదు.

"మామ్మా, చెయ్యి ఇలాగియ్యి. కిందకి సూడకు. నా మొహం సూడు."

చూశాను. దాని పెదవులు కూడా వణుకుతున్నాయి. ఒడ్డుకు చేర్చాక గాని దానికి కోపం రాలేదు. వచ్చాక ఆగలేదు. "ఈ వయసులో ఒక్కదానివీ ఇక్కడేటి పని నీకు? మీ ఇంట్లో తెలుసా?"

"తెల్వదు. మీ ఇంట్ల?"

అది మధు వైపు చూసింది. మధు సముద్రం వైపు చూశాడు. కాసేపటికి ముగ్గురం నవ్వాం. నా నవ్వు ఎక్కువసేపు ఆగలేదు, ఏడుపులోకి తిరిగింది. దీప తన చున్నీ పిండి నా తల తుడిచింది. ఎవరం ఎవరి ఇంటికీ చెప్పొద్దని ఒప్పందం చేసుకున్నాం. నేను దాన్ని ఇప్పుడు నీ దగ్గర తప్పాను.

ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా చెంబెడు నీళ్ళు నెత్తిన పోసుకోగానే ఊపిరి పట్టేస్తోంది. పక్కింటి వాళ్ళు మోటరు వేస్తే ఆ చప్పుడుకు లేచి కూర్చుంటున్నాను. నీకు వద్దని రాసింది ఆ రాయి మీది సైదమ్మ. అది ఆలోచన కాదు, భయమే. నువ్వు ముందే రాశావు, నేను దిద్దాను. ఆ దిద్దుబాటు వెనక్కి తీసుకుంటున్నాను.

అందుకే సతీష్‌కు ఇంకా ఏమీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ మొదట ఆ రాయి, ఇప్పుడు నీ ఉత్తరం అడ్డం వస్తోంది. ఓడ కోసం మొత్తం ఏడాది మీ నాయనతో మాట్లాడకుండా ఉన్న పిల్లవు. నేను వద్దనగానే "సరే నానమ్మా" అన్నావు. ఓడ గురించి ఒక్క ప్రశ్న లేదు. ఒక్క వాదన లేదు. పైగా నేను బాధపడతానని ఓదార్పు. కడుపునొప్పి అని చెయ్యెత్తే పిల్లలను చాలామందిని చూశాను. ఇంటికి పొమ్మనగానే మొహంలో ఒక వెలుగు వస్తుంది. నీ ఉత్తరంలో అది కనబడింది.

కురచగా రాయకు. ఏమైంది?

నానమ్మ


చెన్నై,
జూలై 26

నానమ్మా,

నీ ఉత్తరం స్టోర్ రూంలో కూర్చుని చదివాను. గదిలో చదివితే ఆ అమ్మాయి ఎందుకు ఏడుస్తున్నావని అడుగుతుంది.

ఇక్కడ పెద్ద ఈత కొలను ఉంది. దాని పైన ఎత్తుగా ఒక వేదిక. లైఫ్ జాకెట్ వేసుకుని అక్కడి నుంచి దూకాలి. ఓడ విడిచిపెట్టాల్సి వస్తే ఎట్లా దూకాలో అది. ఒక చేత్తో ముక్కు మూసుకోవాలి, ఇంకో చెయ్యి జాకెట్ మీద అడ్డంగా పెట్టి గట్టిగా పట్టుకోవాలి, కాళ్ళు దగ్గరగా పెట్టాలి, చూపు ఎదురుగా ఉండాలి, కిందికి చూడొద్దు. నేను కిందికి చూశాను.

పోయిన నెల అందరూ దూకారు. నేను మెట్లు దిగి వచ్చాను. రెండోరోజు కూడా ఎక్కాను, దిగాను. ఈత రాక కాదు. మా బ్యాచ్‌లో నాదే మంచి ఈత. కాని పైన నిలబడితే కాళ్ళు నావి కావు. కింద అంతా చూస్తున్నారు. మా ఇన్‌స్ట్రక్టర్ సాంసన్ సార్ తిట్టలేదు. తిడితే బాగుండు. "ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి ఉంది. అప్పుడూ దూకకపోతే సర్టిఫికెట్ రాదు, ఓడ లేదు" అని మాత్రం చెప్పారు.

నువ్వు ఆలోచించి చెప్తానన్న రోజునుంచీ నేను నీ "వద్దు" కోసమే ఎదురుచూస్తున్నాను. నువ్వు వద్దంటే నేను ఓడిపోయినట్టు కాదు కదా. "ఇంట్లో వాళ్ళు పంపలేదు" అని అందరికీ చెప్పొచ్చు. ఇక్కడ చాలామంది నమ్ముతారు. ఆడపిల్లల విషయంలో అయితే అసలు అడగరు.

నీ రాయి సంగతి చదివాక ఇది దాచలేకపోయాను. నాకు చాలా భయంగా ఉంది నానమ్మా. దూకాలంటే భయం. దూకకుండా వస్తే ఇక ఎప్పటికీ అక్కడే, ఆ మెట్ల మీదే ఉండిపోతానేమోనని ఇంకో భయం. నాన్నకు చెప్పేశావా? చెప్పకపోతే చెప్పెయ్యి. ప్లీజ్.

రచన


సూర్యాపేట,
జూలై 30

రచనా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, ఆలస్యం కాకూడదని.

సతీష్‌కు చెప్పలేదు. చెప్పను. నా "వద్దు" రద్దు చేస్తున్నాను. అట్లాగని "పో" అని కూడా అనడం లేదు. నా భయం నాది. దాన్ని దుప్పటి లెక్క కప్పుకుని నువ్వు ఇంటికి రావడానికి ఒప్పుకోను.

దూకకుండా వస్తే రా. గుమ్మంలో నిలబడి "నాకు భయమైంది, వచ్చేసిన" అని మీ నాయన ముందర నీ నోటితో చెప్పు. నేను నీ పక్కన కూర్చుంటాను. ఒక్కరన్నా నవ్వితే వాళ్ళకు ఆ రోజు నా చేతి అన్నం లేదు. నేను కూడా అప్పుడే రాయి సంగతి చెప్పేస్తాను, తిట్లు పంచుకుందాం. కాని "నానమ్మ వద్దన్నది" అని మాత్రం అనకు. అనలేదు.

దూకితే దూకు. ఎట్లా దూకాలో నాకు తెలియదు. భయం పోవడానికి మంత్రం నా దగ్గర ఉంటే ముందు నేను బాత్రూంలో వాడుకునేదాన్ని. నాకు తెలిసింది ఇంతే: దీప నీళ్ళలోకి దిగేటప్పుడు దానికీ వణుకు ఉంది. నేను చూశాను.

రెండింట్లో ఏదైనా నీదే. నిద్ర పట్టకపోతే ఉత్తరం రాయి. నాకు ఎట్లాగూ పట్టడం లేదు.

నానమ్మ


చెన్నై,
ఆగస్టు 13

నానమ్మా,

నిన్న దూకాను.

ధైర్యంగా దూకలేదు. పైన నిలబడి ఏడుస్తూ ఉన్నాను, ముక్కు మూసుకుని ఏడవడం చాలా కష్టం. సాంసన్ సార్ కింద నుంచి, "దిగాలనుకుంటే మెట్లున్నాయి, నేనేమీ అనను" అన్నారు. మెట్ల వైపు తిరిగాను. అటు తిరిగితే కాళ్ళు నావే అయ్యాయి, చక్కగా నడిచాయి. అది చూసి నాకు ఒళ్ళు మండింది. మెట్లకైతే నడుస్తారా మీరు అని కాళ్ళ మీద కోపం వచ్చింది. వెనక్కి తిరిగి అదే నడకతో అంచు దాటేశాను.

పైకి తేలగానే సార్ అన్నారు, "కళ్ళు మూసుకున్నావు. చెల్లదు. మళ్ళీ ఎక్కు." నానమ్మా, మళ్ళీ ఎక్కాను. ఈసారి ఎదురుగా గోడ మీది గడియారం చూస్తూ దూకాను. చెల్లింది.

భయం పోలేదు. రాత్రి మంచం మీంచి పడుతున్నట్టు ఉలిక్కిపడి లేచాను. నువ్వు చూసిన ఆ ఎర్ర బట్టల మనిషి గురించి ఆలోచిస్తున్నాను. అక్కడ వానలో నేను ఉంటే ఎట్లా ఉంటుందని. అయినా నాకు వెళ్ళాలని ఉంది. ఈసారి నేనే అడుగుతున్నాను, దాచుకుని కాదు. నువ్వు ఊఁ అంటావా?

వినాయక చవితికి సెలవు ఇస్తున్నారు. విజయవాడ దాకా రైలు, అక్కడి నుంచి బస్సులో వస్తాను.

రచన


సూర్యాపేట,
ఆగస్టు 18

రచనా,

ఊఁ.

ఈ ఒక్క అక్షరం రాయడానికి పొద్దటినుంచి కూర్చున్నాను. రాశాక ఇంకా భయమేసింది. టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు, కట్టేశాను. ఇక నవంబరు నుంచి వాతావరణం వార్తలు వచ్చేటప్పుడు నేను పెరట్లో ఉంటానని వసంతకు చెప్పాను. ఎందుకని అడిగింది. దోమలకు అన్నాను. నమ్మలేదు. నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, "అత్తమ్మా, పిల్ల పోతదా?" అంది. పోతదన్నాను. తుంచిన కాయలనే మళ్ళీ తుంచుతూ ఉంది.

మీ నాయనకు ఇంకా చెప్పలేదు. నేను ఊఁ అంటే తనూ ఊఁ అంటానని మాట ఇచ్చాడు గాని, నేను అనను అన్న ధీమాతో ఇచ్చిన మాట అది. గట్టిగా ఎదురు తిరుగుతాడు. నువ్వు వచ్చాకే, నీ ముందరే చెబుతాను. మాట్లాడాల్సింది చాలా ఉంటుంది.

అందుకని ఒక పని చేసుకురా. బస్సు సూర్యాపేటకు ముందు కోదాడలో ఆగుతుంది, అక్కడ దిగు. బస్టాండు ఎదురు సందులో గీత పళ్ళ దవాఖాన ఉంది, నా దగ్గర చదువుకున్న పిల్లే. పోయినవారం నా పళ్ళసెట్టు విరిగితే అతికించడానికి పక్కింటి బీరన్నతో పంపాను. అది లేకుండా నేను నాలుగు మాటలు గట్టిగా అంటే మూడు గాలికే పోతున్నాయి, మీ నాయన నవ్వుకుంటున్నాడు. దాన్ని తీసుకురా. డబ్బా మూత తీసి, పైవరుసా కిందివరుసా రెండూ ఉన్నాయా, అవి నావేనా అని గీతనే అడిగి చూసుకో. బస్సులో పైన సామాను అరలో పెట్టకు, ఒళ్ళో పెట్టుకో.

నానమ్మ